కండలో పుట్టిన ఎముక

నేను ఒక ఎముకను. అయితే మీ ఒంట్లో ఉన్న ఎముకల జాతి కాదు. అవి తల్లి కడుపులోనే పద్ధతిగా పుట్టి, ఎవరి చోట వాళ్లు సర్దుకుని, బతికినంత కాలం బరువు మోసి చివరికి మట్టిలో కలిసిపోతాయి. నేను ఎవరూ పిలవకుండా వచ్చినవాణ్ణి. ఒక ఆడపిల్ల కుడి భుజం వెనక, మెత్తటి కండ నడుమ, ఎముకంటూ ఉండకూడని చోట పుట్టాను. ఇప్పుడు ఒక ప్రభుత్వ వైద్య కళాశాల మ్యూజియంలో గాజు సీసాలో ఉంటున్నాను. నాకు ఎడమ పక్క సీసాలో చిల్లులు పడి కుళ్లిన పాదం, కుడి పక్క సీసాలో క్షయ తినేసిన వెన్నుపూసలు. ఇద్దరూ రోగానికి బలైనవాళ్లు, ఎప్పుడూ ఏడుపుగొట్టు మొహాలే. నేను బలైనవాణ్ణి కాను. నేనే రోగాన్ని. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీరు నా దగ్గర జాలి, పశ్చాత్తాపం లాంటివి వెతుక్కోకుండా ఉంటారు.

నన్ను కన్నది మాబున్ని. దూదేకులవాళ్ల పిల్ల. తండ్రి పోయాక తల్లి హుసేనమ్మ, తనూ కలిసి పరుపులు, దిండ్లు కుట్టుకుని బతికేవాళ్లు. మాబున్ని ఒంట్లో పుట్టుకతోనే ఒక వెర్రి ఉంది. మీకు దెబ్బ తగిలితే కండ కండతోనే మానుతుంది. ఆ పిల్లకి మాత్రం దెబ్బ తగిలిన చోట ఒళ్లు తొందరపడి ఎముకను కట్టేస్తుంది. లక్షల మందిలో ఒకరికి కూడా రాని జబ్బు. అంత మాత్రాన మేము దొంగల్లా దాక్కుని వచ్చామనుకోకండి. పుట్టిన రోజే మా గుర్తు చూపించాం. ఆ పిల్ల కాలి బొటనవేళ్లు రెండూ పొట్టిగా, వంకరగా, లోపలికి తిరిగి ఉండేవి. చూసిన ప్రతివాళ్లూ ఎంత ముద్దుగా ఉన్నాయో అనేవాళ్లు. చెప్పులు నిలవవని తిట్టుకునేవాళ్లు. అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు.

మావాళ్లలో మొదట పుట్టింది మెడలో. చిన్నప్పుడు మంచం మీంచి పడితే మెడ వెనక బిగిసి, ఇక అటూ ఇటూ తిరగలేదు, కిందికి వంగలేదు. వీధిలో ఆడవాళ్లు దానికి కూడా మెచ్చుకున్నారు. "పిల్లంటే అట్లుండల్ల. పక్క చూపు చూడదు" అని తమ కూతుళ్లకు బుద్ధి చెప్పేవాళ్లు. మెడ తిరగని పిల్లని చూసి ఒద్దిక అనుకునే జనం ఉన్నంత కాలం మా జాతికి ఢోకా లేదు.

నా పుట్టుక నీళ్ల ట్యాంకరు దగ్గర జరిగింది. తోపులాటలో ఎవరిదో స్టీలు బిందె అంచు మాబున్ని కుడి భుజానికి గట్టిగా తగిలింది. సాయంత్రానికి అక్కడ వాచి, ఎర్రబడి, కాలిన పెనంలా అయింది. హుసేనమ్మ ఆముదం వెచ్చచేసి బలంగా రుద్దింది. మర్నాడు వీధి చివర డాక్టరు సరిగ్గా వాపు మధ్యలోనే సూది దించాడు. ఇద్దరూ మనస్ఫూర్తిగా మంచే చేయబోయారు. నాకు మంత్రసానులు వాళ్లే. ఒకళ్లు రుద్దారు, ఒకళ్లు పొడిచారు, నేను ఏపుగా పెరిగాను. వాపు తగ్గిందని హుసేనమ్మ దర్గాలో చక్కెర పంచిన నాటికి నేను వేలు పొడవున గట్టిపడి ఉన్నాను.

దాంతో మాబున్ని కుడి చెయ్యి తల దాకా లేవడం మానేసింది. జడ తల్లి వేయాల్సి వచ్చేది. నోటి దాకా మాత్రం వచ్చేది. సూది పట్టుకుని పరుపు కుట్టేది, తన అన్నం తను కలుపుకుని తినేది. అక్కడితో నన్ను నా మానాన వదిలేస్తే ఆ చెయ్యి ఇంకా ఎన్నో ఏళ్లు అలాగే నడిచేది. వదిలేస్తే కథేముంది? ఎవరో చెప్పగా తల్లీకూతుళ్లు పెద్దాసుపత్రికి వచ్చారు.

ఎముకల విభాగానికి పెద్ద రంగనాయకులు గారు. చెయ్యి తిరిగిన సర్జన్. నేనేమీ ఎగతాళిగా అనడం లేదు, నిజంగానే ఆ చేతిలో పనితనం ఉంది. ఆయన వార్డులోకి వస్తుంటే వెనకాల ఊరేగింపంత మంది జూనియర్లు. మంచం దగ్గర ఆగి, ఎక్స్‌రే తీసుకుని, కిటికీ వెలుగుకి పట్టుకుని చూసేవారు. మంచం మీద మనిషి కన్నా కిటికీలో మనిషే ఆయనకు ఎక్కువ పరిచయం. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. నా జన్మలో నన్ను అంత ప్రేమగా చూసిన మనిషి మరొకరు లేరు.

"దెబ్బ వల్ల పుట్టిన ఎముకమ్మా ఇది. తీసేస్తే చెయ్యి మళ్లీ పైకి లేస్తుంది" అన్నారు.

"జడేసుకుంటాదా సార్?" అంది హుసేనమ్మ.

"రెండు జడలు వేసుకుంటుంది."

తెలివితక్కువ మాట కాదు. దెబ్బ తగిలి కండలో ఎముక పుట్టడం, దాన్ని తీసేస్తే నయం కావడం మామూలు మనుషుల్లో జరిగేదే. మెడ ఎందుకు తిరగదని కూడా అడిగారు. "సిన్నప్పట్నించీ అంతే సార్" అంది తల్లి. చిన్నప్పటి నుంచీ అన్న మాట వింటే చాలు, డాక్టర్లకు అది తమది కాని రోగమైపోతుంది. ఇక పాదాలంటారా, వాటి మీద దుప్పటి ఉంది. భుజం నొప్పి అని వచ్చిన పిల్ల కాళ్ల మీది దుప్పటి ఎవరు తీస్తారు? తీసి ఉంటే ఆ రెండు వేళ్లు నా గుట్టు రట్టు చేసేవి. వార్డులో అంతమంది తిరిగారు, ఒక్కరి చెయ్యీ దుప్పటి అంచు దాకా పోలేదు.

ఆపరేషన్ రోజు ఆయన నన్ను కళ్లారా చూశారు. ముక్కలు చేసి తీస్తే చిన్న కోతతో అయిపోయేది. కానీ నన్ను ముక్కలు చేయడానికి ఆయనకు మనసు రాలేదు. "ఇలాంటిది మళ్లీ దొరకదు, మ్యూజియంకి పనికొస్తుంది, మొత్తంగా తీద్దాం" అని కోతను ఇంకా పొడిగించారు. కండను పాయలు పాయలుగా విడదీశారు. ఎంత కోస్తే మా వంశానికి అంత మేలు. నేను బయటికి వస్తూ వస్తూ వెనక ఆ గాయాన్ని చూసుకున్నాను. తమ్ముళ్లు పుట్టడానికి అంతకన్నా మంచి పొలం ఉండదు. దీపం కింద నన్ను పైకెత్తి చూపిస్తే జూనియర్లు అబ్బ అన్నారు. నాకు గర్వంగా ఉండింది.

తర్వాత పద్ధతి ప్రకారం చేతిని గుండెకు ఆనించి కట్టు కట్టారు. కుట్లు చక్కగా మానాయి. కట్టు విప్పాక చెయ్యి ఎక్కడ కట్టారో అక్కడే ఉండిపోయింది. నా ఒక్కడి స్థానంలో తమ్ముళ్లు గుంపుగా పుట్టి, భుజాన్ని డొక్కకు అతికించేశారు. జడ సంగతి దేవుడెరుగు, ఇప్పుడు అన్నం ముద్ద కూడా నోటికి చేరదు. ఇదంతా సీసాలో ఉన్న నీకెలా తెలిసిందని అడగండి. ప్రొఫెసరు రంగనాయకులు గారు రోగుల్ని చూసే గది మ్యూజియం పక్కదే. మధ్య తలుపు సరిగ్గా పడదు.

ఆ తలుపు సందులోంచే మిగతా సంగతులు విన్నాను. మాబున్ని ఎడమ చేత్తో తినడం నేర్చుకుంది. ఎవరిదో పెళ్లి విందులో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, "ఎడం చేత్తో తింటాండాది సూడు, ఏం పుట్టక పుట్టిందో" అని విస్తరి జరుపుకుందట. అప్పటి నుంచి మాబున్ని గోడకేసి తిరిగి తింటోందట. ఈ మాట హుసేనమ్మ ఏడుస్తూ చెప్పింది. మాబున్ని మాత్రం ఒకటే అంది. "సార్, ఈ ఎడం చెయ్యన్నా ఉండనీండి. నా కూడు నేను తినేంత ఉంటే సాలు."

ఎందుకంటే ఎడమ భుజంలో కూడా చిన్న గడ్డ తేలింది. కుడి చెయ్యి పడిపోయాక పరుపు మూటలన్నీ ఎడమ భుజం మీదే మోసింది మరి. చెయ్యి ఇంకా నోటికి అందుతోంది. రంగనాయకులు గారు ఎక్స్‌రే చూసి, "పోయినసారి ఆలస్యంగా వచ్చారు. లోపల కొంచెం మిగిలిపోయి ఉంటుంది. ఈసారి ముదరకముందే, ఇంకా లోతుగా తీసేద్దాం" అన్నారు. నాకు నవ్వాగలేదు. తను తీసిందే తప్పని కాదు, తక్కువ తీశానని ఆయన బాధ. ఎం.ఎస్. పరీక్షలు అయిన మర్నాడే ఆపరేషన్ అని చెప్పి ఆ పిల్లను వార్డులో చేర్చుకున్నారు.

ఎముకల డాక్టర్ల పరీక్ష ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు. అక్కడ రోగులే ప్రశ్నపత్రాలు. అరుదైన జబ్బులవాళ్లను వరసగా బల్లల మీద పడుకోబెడతారు. అభ్యర్థులు ఒక్కొక్కరే వచ్చి, నొక్కి, వంచి, లాగి, రోగమేదో కనిపెట్టాలి. ఆ రోగులకు మధ్యాహ్నం భోజనం పొట్లం ఇస్తారు. మాబున్నిని ఆ ఏటి గట్టి ప్రశ్నగా ఎంచుకున్నారు. పక్క బల్ల మీద నన్ను కూడా సీసాతో సహా పెట్టారు. నన్నూ నా తల్లినీ ఒకే గదిలో మళ్లీ కలిపిన ఘనత విశ్వవిద్యాలయానిదే. ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. సీసా చూసి మొహం తిప్పుకోవాలనుకుంది గాని మెడ తిరగదు కదా, కళ్లు మూసుకుంది.

పరీక్షకు ముందు వార్డు సిస్టర్ వచ్చి గట్టిగా చెప్పి వెళ్లింది, "ఎవరడిగినా నీ రోగం పేరు చెప్పకూడదు, తెలిసిందా?" అని. చెప్పడానికి ఆ పిల్లకి తెలిస్తే కదా. ప్రొఫెసరుకే తెలియదు.

ఇక అభ్యర్థులు మొదలుపెట్టారు. కుడి చెయ్యి కదలదు కాబట్టి అందరి కన్నూ ఎడమ చేతి మీద పడింది. ఒకడు పైకెత్తాడు. ఒకడు వెనక్కి మెలితిప్పాడు. ఇంకొకడు, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ, ఎంత దాకా లేస్తుందో కొలవడానికి, ఆగిన చోట ఆపకుండా నెట్టాడు. "నొస్తాంది సార్" అంటే, "ఎక్కడ నొప్పి? సరిగ్గా వేలు పెట్టి చూపించమ్మా" అని మళ్లీ నెట్టాడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. పరీక్ష పాసవ్వాలి, అంతే. పొద్దున మొదలైనది భోజనాల వేళ దాకా సాగింది. ఆ భుజంలో కండ నారలు ఒక్కొక్కటే తెగుతుంటే నాకు పండగలా ఉండింది.

ఆఖరి అభ్యర్థి దగ్గరికి బయటి పరీక్షాధికారి వచ్చింది. ఇందుమతి అని, వేరే కాలేజీలో ప్రొఫెసర్. అతను గడగడా అప్పజెబుతున్నాడు. "దెబ్బ తరువాత కండలో ఏర్పడిన ఎముక, ఆపరేషన్ తరువాత తిరగబెట్టింది, మళ్లీ శస్త్రచికిత్స చేయాలి" అన్నాడు.

"మెడ చూశావా?" అంది.

"బిగుసుకుని ఉంది మేడమ్. చిన్నప్పటి నుంచి."

"పాదాలు చూశావా?"

అతను తెల్లమొహం వేశాడు. ఆవిడే వెళ్లి దుప్పటి తొలగించింది. పొట్టి బొటనవేళ్లు రెండూ లోపలికి తిరిగి బయటపడ్డాయి. ఆవిడ ఇంగ్లీషులో రంగనాయకులు గారికి ఏదో చెప్పింది. ఆయన ముందు నవ్వబోయారు. తర్వాత ఎక్స్‌రే తీసుకుని కిటికీ దాకా వెళ్లి, ఈసారి దాన్ని చూడకుండానే వెనక్కి వచ్చారు.

"నా కాళ్లకేమైంది మేడమ్?" అంది మాబున్ని. ఆవిడ స్టూలు లాక్కుని దగ్గర కూర్చుంది.

"కాళ్లకేం కాలేదమ్మా. నీ జబ్బేదో అవి చెబుతున్నాయి. నీ ఒంట్లో దెబ్బ తగిలిన చోటల్లా ఎముక పుడుతుంది. కత్తి పెట్టినా, సూది పొడిచినా, గట్టిగా రుద్దినా, లాగినా అంతే. తీస్తే పోదు, తీసినకొద్దీ వస్తుంది. రేపు నీకు ఆపరేషన్ లేదు. ఎప్పటికీ చేయించుకోకూడదు."

"మందు?"

"ముట్టుకోకుండా కాపాడుకోవడమే. వేరే మందు ఇప్పటికి నా దగ్గర లేదు."

మాబున్ని కళ్లు మాత్రం తిప్పి రంగనాయకులు గారిని అడిగింది. "సార్, ఆ పొద్దు మీరు కోయకుంటే నా కుడి సెయ్యి నోటికి వచ్చేదా?"

ఆయన తప్పించుకోవచ్చు. అరుదైన జబ్బు, ఎవరికైనా ఇలాగే జరుగుతుంది అనొచ్చు, అదీ నిజమే.

"వచ్చేదమ్మా" అన్నారు రంగనాయకులు గారు.

ఆ ఒక్క మాట చెప్పి చేతిలోని ఎక్స్‌రేను బల్ల మీద బోర్లా పెట్టేశారు. నాకు మహా ఆనందమైంది. నన్ను ప్రేమగా చూసిన మనిషి కదా, ఆ మొహం అలా వాడిపోతుంటే చూడ్డానికి బాగుంది.

ఆనందం అంతటితో అయిపోలేదు. అభ్యర్థులు వెళ్లిపోయారు, భోజనం పొట్లాలు వచ్చాయి. ఆపరేషన్ తప్పిందన్న సంబరంలో హుసేనమ్మ పులిహోర పొట్లం విప్పింది. మాబున్ని ఎడమ చేత్తో రెండు ముద్దలు తిని ఆగిపోయింది. "అమ్మా, బుజం మండతాంది" అంది. రవిక చెయ్యి పక్కకు జరిపి చూస్తే భుజమంతా ఎర్రగా ఉబ్బి ఉంది. పొద్దుటి నుంచి పట్టిన పట్టులు ఊరికే పోతాయా? రోగం పేరు కనిపెట్టే పరీక్షే రోగాన్ని కని పెంచింది. ఇంతకన్నా మంచి పని మా వంశంలో ఎవరమూ చేయలేదు.

ఇందుమతి పరుగున వచ్చింది. ముట్టుకోలేదు, కళ్లతోనే చూసింది. వాపు తగ్గే మాత్రలు అప్పటికప్పుడు మింగించింది. "ఇవి దాన్ని ఆపుతాయని మాట ఇవ్వలేను" అంది.

"గట్టిపడేటప్పుడు సెయ్యి యాడుంటే ఆడ్నే నిలబడిపోతాదా మేడమ్?"

"దాదాపు అంతే."

"అయితే నోటి కాడ పెట్టుకుంటా."

హుసేనమ్మ ఒప్పుకోలేదు. రెండు చేతులూ కిందికి దించి ఉంటే, పైన చున్నీ కప్పుకుంటే, చూసేవాళ్లకి మామూలు పిల్లలాగే ఉంటుందని ఆవిడ ఆశ. "సెయ్యి అట్ల ఎత్తి పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారే. దించుకో. నేను తినిపిస్తా" అంది.

"నువ్వు ఎన్నాళ్లు తినిపిస్తావు? నువ్వు పోయినంక నాకెవురు పెడతారు?"

మాబున్ని మోచేతిని గుండెకు దూరంగా, ముందుకు ఎత్తి, తల్లి చేతిసంచీని దాని కింద ఆనించుకుని కూర్చుంది. వేళ్లు పెదవులకు తాకుతున్నాయో లేదో ఒకసారి చూసుకుంది. అలాగే బస్సెక్కిందని తర్వాత ఎవరో చెప్పగా విన్నాను. నాకు అప్పుడే చిరాకు మొదలైంది. మేము ఎక్కడ కట్టాలో మేము నిర్ణయించుకోవాలి గాని, ఈ పిల్లెవరు?

వాళ్లు మళ్లీ వచ్చేసరికి వానాకాలం దాటింది. పక్క గదికి సున్నం వేస్తున్నారని రంగనాయకులు గారు మ్యూజియంలోనే బల్ల వేసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం, భోజనం క్యారేజీ విప్పబోతున్నారు. మాబున్ని ఎడమ మోచెయ్యి గాలిలో ముందుకు నిలబడి ఉంది. కింద సంచీ లేదు. ఇక అక్కర్లేదు. తమ్ముడు పని పూర్తి చేశాడు.

"పగలంతా ఎత్తిపట్టుకున్నా సార్. దిండ్లు పేర్చి నిద్దరపోతే నిద్దర్లో జారిపాయ" అంది. మోచెయ్యి మడిచి చూపించింది. వేళ్లు వచ్చి వచ్చి పెదవులకు జానెడు దూరంలో ఆగాయి. మామూలువాళ్లయితే తల వంచి అందుకునేవాళ్లు. నిద్రను గెలవలేకపోయిందని నేను మనసారా నవ్వాను.

రంగనాయకులు గారు ఎక్స్‌రే అడగలేదు. లేచి ఆమె ఎదుట నిలబడి, తన ఎడమ మోచేతిని అదే ఎత్తుకి తెచ్చారు. మెడ నిటారుగా పెట్టి, చెయ్యి మడిచి చూసుకున్నారు. జానెడే. క్యారేజీలోంచి స్టీలు చెంచా తీసి పట్టుకుని మళ్లీ చూశారు. దూరం సరిపోయింది గాని, నోటి వైపు తిరగడం లేదు. చెంచా కాడను బల్ల అంచుకి ఆనించి వంచారు. చూశారు. మళ్లీ కొంచెం వంచారు. అద్దం లేక నా సీసా గాజులో చూసుకుంటూ వంచారు. రోజూ ఎముకలను నిలబెట్టే మనిషి చెంచాతో అంతసేపు కుస్తీ పడుతుంటే హుసేనమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. ఆ పిల్ల కోసం ఆయన చేసిన పనుల్లో ఒంటికి హాని చేయనిది అదొక్కటే.

చెంచా మాబున్ని చేతికిచ్చి, క్యారేజీ గిన్నె ఆ చేతి ఎత్తుకి పట్టుకున్నారు. అందులో పెరుగన్నం. మొదటిసారి సగం ఆయన తెల్లకోటు మీద ఒలికింది. ఆయన కదల్లేదు. రెండోసారి చెంచా వంకరగా తిరిగి, పెదవుల మధ్యకి వెళ్లింది.

ఆ పిల్ల గోడకేసి తిరగలేదు. ప్రొఫెసరు గారికి ఎదురుగా నిలబడి, నిదానంగా నమిలి మింగింది.

"ఉప్పు తక్కువైంది సార్" అంది.